చెల్లని ఓటు

ముప్పై ఒక్క చీటీ.
రొయ్యపిల్లలు దిగుమతైన థర్మోకోల్ పెట్టెకి
బ్లేడుతో గాటుపెట్టి
దాన్నే బ్యాలెట్ పెట్టె అన్నాం.
మూత తియ్యంగానే ఉప్పునీటి నీచువాసన.
"ఎలక్షనంటే ఇట్టా కంపు గొడతదా సామీ"
అటెండర్ చెంచురామయ్య కండవా ముక్కుకి అడ్డం పెట్టాడు.

ఎన్నికల అధికారిని నేను.
పీహెచ్‌డీలో ఏడో ఏడు నడుస్తున్నవాడికి
ఇంకేం పని చెప్తారు?
నామినేషన్ల ఆఖరి రోజు
నన్ను నిలబడమని ఒక్కరన్నా అడుగుతారేమోనని
సాయంత్రం ఐదు దాకా
కాకుటూరు హైవే పక్క టీ బంకులో
మూడు టీలు తాగిన సంగతి
ఏ రిజిస్టర్లోనూ లేదు.

జలచర పరిశోధన పరిషత్తు కార్యవర్గం:
పదకొండు మంది ప్రొఫెసర్లు,
ఒక కోశాధికారి,
పద్నాలుగో నిబంధన పుణ్యాన
ఒక పరిశోధక విద్యార్థి.
మాట్లాడొచ్చు. ఓటు లేదు.
పోయినేటి ప్రతినిధి హజరత్తయ్య
ట్రంకు రోడ్డు మేడమీద హాల్లో
రెండున్నర గంటలు గోడకానుకుని నిలబడ్డాడు,
కుర్చీలు పన్నెండే ఉన్నాయని.
మినిట్స్‌లో అతని పేరు ముందు
'హాజరు' అని ఉంది.
నిలబడ్డాడని లేదు.

ఈసారి ఇద్దరు.
పెంచలరత్నం బల్లెక్కి
ఎనిమిది నెలల ఫెలోషిప్ బాకీ
వేళ్ళమీద లెక్కపెట్టి చూపించాడు,
మెస్సు బిల్లుతో సహా.
చప్పట్లు.
మస్తానీ నాలుగే మాటలు చెప్పింది:
"నాకు నీళ్ళు తెలుసు.
నీళ్ళలో గాలి తగ్గితే
తెల్లారుజామున రొయ్య పైకొచ్చి గట్టంట తిరగతది.
దానికి తెలిసిన అర్జీ అదొక్కటే."
చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక
అందరం ఫ్యాను వంక చూశాం.

లెక్క.
పదిహేను. పదిహేను.
ఆఖరి చీటీ విప్పాను.
ఏ పేరు ముందూ గుర్తు లేదు.
కింద నీలం సిరాతో
"ముందు కుర్చీ వెయ్యండి."

ఆ య-వత్తు తోక
అంత పొడుగ్గా, రొయ్య మీసంలా
వంపు తిప్పేది ఒక్కరే.
నాలుగేళ్ళుగా ఫ్రిజ్‌లో సీసాల మీద చూస్తున్నా:
జువ్వలదిన్నె, మూడో గుంట, రొయ్య, ఉదయం నాలుగున్నర.

తలెత్తి చూశాను.
కిటికీ పక్క సింకు దగ్గర
వెనక్కి తిరిగి సీసాలు కడుగుతోంది,
కడిగినవే మళ్ళీ.

చెల్లదన్నాను.
చీటీ తియ్యమంటే చెంచురామయ్య
కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ దేవుడికో దణ్ణంపెట్టుకుని
బీకర్లో చెయ్యి పెట్టాడు.
పెంచలరత్నం.
మొదటి చప్పట్లు తడిచేతులవి.

అందరూ పోయాక అడిగాను:
"నీకు నువ్వేసుకుని ఉంటే గెలిచేదానివి గదమ్మా."
"నాకు నేనేసుకుంటే
కుర్చీ సంగతి యాడ రాసేదినా?"
అని, ఆ వెంటనే,
"అయినా, అది నాదని నీకెవురు చెప్పారు?"

శనివారం పొద్దున
పెంచలరత్నం బండి తీశాడు.
వెనక సీటుకి నైలాన్ తాడుతో కట్టిన
మా ల్యాబు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ,
ఒక కాలికి తీగ చుట్టు.
తాడు ముడి మస్తానీ వేసింది,
వల కట్టే ముడి, జారదు.
లారీల మధ్య
బుజబుజ నెల్లూరు వైపు
నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి
పోతా ఉంది కుర్చీ.

నా ముందు ఫారం.
చెల్లని ఓట్లు: ఒకటి.
కారణం: అని ఒక గడి,
అగ్గిపెట్టెంత.
పెన్ను మూత తీసి చాలాసేపైంది.