మూడో నంబరు దించాక

మార్గశిరం మూడో లక్ష్మివారం పట్టిన ముసురు
శనివారం రాత్రికి గానీ వదల్లేదు.
హార్బర్లో మూడో నంబరు దించేశారు.
వరండాలో నా సైకిలు అప్పటికే
చెవులు రిక్కించి నిలబడుంది.

వారమంతా నాది డెబ్బై అడుగుల ఎత్తులో ఉద్యోగం.
క్రేను కేబిన్లో కూచుని
ఎక్కడి బొగ్గో ఎత్తుతాను, ఎక్కడికో పోయే ఇనపరాయి దించుతాను.
కాలికింద అద్దం, అద్దం కింద గాలి.
నేలంటే నాకు
వాకీటాకీలో గరగరలాడే ఒక గొంతు.

అందుకే ఆదివారం చీకటితో లేచి
అడవివరం దాటి, తారు అయిపోయే చోట
ముందు చక్రం మెత్తగా దిగబడగానే
ఒళ్ళంతా హమ్మయ్య అంటుంది.

యర్నాయుడు ముందున్నాడు. ఎప్పుడూ ముందే.
వాడి వెనక చక్రం విసిరిన ఎర్ర ముద్ద
సరాసరి నా నోట్లో పడింది.
రుచి చెప్పమంటారా?
తుప్పు, నలిగిన జీడాకు, కొంచెం ఉప్పు.
"నోరు ముయ్యి బావా!" అని వాడు అరిచేసరికి
మింగేశాను కూడా.

శ్రావణంలో బురద పల్చన,
కసిరితే పోతుంది.
ఈ చలికాలం బురద మాత్రం
గుమ్మంలో కూచున్న అప్పులవాడు.
ఎండ రాదు, అది ఆరదు, లేచి వెళ్ళదు.
టైరుకీ ఫోర్కుకీ మధ్య మేట వేసి
చక్రాన్ని పట్టుకుని
"ముందు నా సంగతి తేల్చు" అంటుంది.

పుల్లతో పొడిచాను. వేలితో గీకాను.
పది గజాలు కదిలింది. మళ్ళీ అదే.
గొలుసు పళ్ళు నూరింది,
గేరు నా మాట వినడం మానేసింది.
పన్నెండు కేజీల సైకిలు
ఇరవై దాటిందని భుజం చెప్పింది.
సైకిలెక్కుదామని వచ్చినవాణ్ణి
సైకిలే ఎక్కింది.

ఎదురుగా ఒక ముసలామె,
నెత్తిన కట్టెలమోపు, కాళ్ళకి ఏమీ లేవు,
జారే గట్టుమీద
ఇంట్లో నడిచినట్టు దిగి వస్తోంది.
"ఏటి నాయినా, పాడైపోనాదా?"
లేదమ్మా, బురద.
"మరి నడిచిపోవొచ్చు కదా?"
నడుస్తూనే ఉన్నానమ్మా.
"మరదెందుకు మోసుకొచ్చినావు?"

నా దగ్గర జవాబు లేదు.
ఆమె ఆగలేదు కూడా.
పైకెళ్ళేదాకా ఆ ప్రశ్న
రెండో భుజమ్మీద మోశాను.

పైన మంచు చిరిగిన చోట
సముద్రం ఒక జానెడు కనిపించింది.
లంగరేసిన ఓడలు ఏడు లెక్కపెట్టాను.
నా క్రేను ఏదో పోల్చుకోలేకపోయాను,
అన్నీ గుచ్చిపెట్టిన అగ్గిపుల్లలే.

ఇక దిగుడు!
జీడిమామిడి తోటలోంచి, రెండు నీటి చాళ్ళ నడుమ,
చక్రాలు తమకు తోచిన దారి పట్టాయి.
నా చేతులు హ్యాండిల్ మీద
ఊరికే మర్యాదకి ఉన్నాయి.
మోకాళ్ళలో పద్నాలుగేళ్ళు.
గొంతులోంచి వచ్చిన కేక
ఏ భాషో నాకు తెలీదు.

వంపులో బ్రేకు పట్టకూడదు.
తెలుసు.
పట్టాను.

వెల్లకిలా పడ్డాను. దెబ్బ తగల్లేదు.
చల్లగా, జిగటగా, వీపంతా నేల.
ఎంతసేపున్నానో!
యర్నాయుడు వెనక్కొచ్చి భయపడ్డాడు.
"లేవలేవా?"
లేవగలను రా. ఉండు.

హనుమంతవాక దగ్గర వాటర్ సర్వీసు కుర్రాడు
సైకిల్ని చూసి, నన్ను చూసి,
"ఇద్దరికీ కలిపి అరవై" అన్నాడు.
అయినా మూడో అంతస్తు దాకా
మెట్టుకో ఎర్రముద్ర పడింది.
గౌరీశ్వరి ఏమీ అనలేదు.
చీపురూ బకెట్టూ తెచ్చి
కింది మెట్టుమీద పెట్టి
తలుపేసుకుంది.

బేరింగులు పోయాయట, పద్దెనిమిది వందలు.
బ్రేకు ప్యాడ్లు వేరే.
ఇకమీదట సంక్రాంతి దాటి ఎండ ముదిరేదాకా
కొండ మొహం చూడనని
మెకానిక్కు ముందే ఒట్టేశాను.

సోమవారం పొద్దున్న షిఫ్టు.
కేబిన్లో కూచుని చెవి గోక్కుంటే
ఎండిన ఎర్ర పెళ్ళ ఒకటి
కాళ్ళకింది అద్దమ్మీద రాలింది.
డెబ్బై అడుగుల ఎత్తుకి
నాతో పాటే ఎక్కి వచ్చింది.
తుడవబుద్ధి కాలేదు.

టీ వేళకి యర్నాయుడు మెసేజి:
"మళ్ళీ వాయుగుండమంట బావా."

ఎప్పుడూ? అని కొట్టాను.