బొటనవేలి కింది అంకె

గ్వార్దాలో మా ఇంటి గోడలు మూరెడు మందం,
బూడిదరంగు కొండరాయి.
చలినే కాదు, వైఫైనీ గడప దాటనివ్వవు.
అందుకే మూడు తెల్ల డబ్బాలు:
ఒకటి మెట్ల కింద, ఒకటి పియానోల గదిలో,
ఒకటి మా అత్త జెనెరోజ మంచం పక్కన.
ఆవిడ రేడియో ఇప్పుడు టాబ్లెట్‌లో కాపురముంటోంది మరి.

మార్చిలో మూడోది పోయింది.
ఎర్రదీపం కూడా వెలగని చావు.

"కొత్త సెట్టే కొనేయండి, లియొకాదియ గారూ"
అన్నాడు దుకాణం అబ్బాయి, నా పర్సు తనదైనట్టు.
నాకు కావలసింది ఒక్కటే,
మిగిలిన రెండింటికీ ఒక తోబుట్టువు.

వెతికితే పదకొండు దొరికాయి.
అదే పేరు, అదే మోడల్ నంబరు,
అదే ఫోటో, కంపెనీవాళ్లు తీసింది:
బల్ల మీద డబ్బా, పక్కన కుండీలో పచ్చటి మొక్క,
ఎవరింట్లోనూ పడని ఎండ.
పదకొండు మంది అమ్మకందార్లు, ఒకే మొక్క.

కానీ ఆ కంపెనీ మధ్యలో ఎప్పుడో
పేరు మార్చకుండా పేగులు మార్చేసింది.
వేరే చిప్పు, సగం మెమరీ.
అట్టపెట్టె మీద నవ్వే కుటుంబం మాత్రం నవ్వుతూనే ఉంది.
రెండో వెర్షన్‌కీ మొదటి వెర్షన్‌కీ పొసగదు,
పక్కపక్కన పెట్టినా పలకరించుకోవు.
తేడా అంతా అడుగున, స్టికరు మీద,
బార్‌కోడ్‌కి కుడిపక్క, చీమతలంత అంకె.

నేను పియానోలు శ్రుతి చేసే మనిషిని.
ముప్పై ఒక్క ఏళ్లుగా మూతలెత్తుతున్నాను.
పైన బంగారు అక్షరాలు చదివి
పియానోని గుర్తుపట్టానన్నవాణ్ణి నమ్మను.
ఇనుప చట్రం మీద, తీగల కింద, దుమ్ములో
ఎవరో కొట్టిపెట్టిన నంబరొకటి ఉంటుంది,
టార్చి పట్టుకుని నడుం వంచాలి.
ఒకే పేరున్న రెండింటిలో ఒకటి పాడుతుంది,
ఒకటి దగ్గుతుంది.

కాబట్టి పదకొండు మందికీ ఒకే మాట రాశాను:
"దయచేసి దాన్ని బోర్లించి, అడుగుభాగం ఫోటో పంపగలరా?"

ఒకాయన: "బ్రహ్మాండంగా పనిచేస్తుంది మేడం."
ఒకాయన ఆ మొక్కనే మళ్లీ పంపాడు.
బ్రగాన్సా నుంచి ఒకావిడ
"అడుగునేముంటుందమ్మా, రబ్బరు కాళ్లే" అంటూ
కాళ్లను ఫోటో తీసింది, ఒక్కొక్కటే, ప్రేమగా.

సెతూబల్ నుంచి అదెరితు నిజంగానే స్టికరు తీశాడు.
సీరియల్ నంబరు, వోల్టులు,
కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ, అన్నీ స్పష్టం.
అంకె ఉండాల్సిన చోట ఆయన బొటనవేలు.
గోరు అంచున పాత కోత, కింద కొంచెం గ్రీజు.
ఆ వేలిని పెద్దది చేసి చూశాను.
నా వేలితో పక్కకి తోసి కూడా చూశాను.

మళ్లీ రాశాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
మూడో రోజు జవాబు:
"క్షమించండి. వేలు తీశాను. రెండు అని ఉంది.
మీకు పనికిరాదు.
ఇలాంటివి నాలుగు అమ్మాను, అడిగింది మీరొక్కరే.
ఇంకో సంగతి, దీనికి మూడే కాళ్లు. మీవాటికెన్ని?"

మెట్ల కింద మోకాళ్ల మీద కూలబడి
మాదాన్ని తిరగేశాను.
నాలుగు.

ఆ రాత్రి బ్రగాన్సా ఫోటోలు మళ్లీ తెరిచాను,
నవ్వుకుని మూసేసినవాటినే.
ఒకటి. రెండు. మూడు.
నాలుగో కాలికి పిల్లి వెంట్రుక అంటుకుని ఉంది.

ఇరవై రెండు యూరోలు, తపాలా ఖర్చు వేరే.
పార్సిల్ విప్పి, ప్లగ్గు పెట్టకముందే బోర్లించాను.
చీమతల: ఒకటి.

అదెరితు తన ప్రకటన మార్చాడు.
మొక్క పోయింది. బల్ల మీద బోర్లా పడుకున్న డబ్బా,
కింద ఒక వాక్యం: రెండో వెర్షన్, మూడు కాళ్లు.
ఇంకా అమ్ముడుపోలేదు.

మంచం పక్కన దీపం ఎర్రబడి, నారింజై, తెల్లబడింది.
రేడియో గొంతు సవరించుకుని
రేపు మంచు కురుస్తుందని చెప్పింది.
"ఇదా వార్త?" అంది అత్త జెనెరోజ,
"పొద్దుటినుంచీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."