రెండూ పదమూడు

గుణుపురంలో ఫ్లెక్సులు కొట్టే షాపులో పని నాది.
పగలంతా పెళ్ళిళ్ళు, రథయాత్ర శుభాకాంక్షలు,
పోయినవాళ్ళ ఫోటోల చుట్టూ పూలదండలు.
గౌరాంగొ సాహు షట్టరు దించి తాళం తిప్పాక
ఫోనులో నా షాపు తెరుస్తాను.

ఒక బొమ్మ, ఒక వాక్యం. అర్ధరాత్రికి స్టేటస్.

మొదట్లో దొరికినవే పెట్టేదాన్ని:
మంచుకొండలు, నీలికళ్ళ కాపరి,
సబ్బుతో కడిగినట్టున్న గొర్రెలు.
మా సుందరమ్మత్త చూసి
"ఏటే, ఈ గొర్రిలకి ఎప్పుడైనా బురదంటిందా?" అంది.
ఆ రాత్రే అన్నీ చెరిపేశాను.

తర్వాత వంశధార ఇసకలోకి దిగాను.
సవర పిల్లొకతె మేకని భుజాన వేసుకుని
మోకాలిలోతు నీళ్ళు దాటుతోంది.
అడిగి తీశాను. పిల్ల నవ్వలేదు,
మేకే కాస్త నవ్వినట్టుంది.
దాని మీద అక్షరాలు పెట్టడానికి గంటన్నర.
మేక కాళ్ళు కప్పకూడదు, పిల్ల మొహం కప్పకూడదు,
నీళ్ళ మీద పెడితే కొట్టుకుపోయేట్టున్నాయి.
పైగా నా పాత ఫాంటుకి తెలుగంటే లోకువ.
క్షమ అని కొడితే వత్తు ఊడిపోయి
పక్కన బిక్కమొహం వేసుకు నిలబడేది.
ఒడియా అక్షరాలేమో గొడుగులు విప్పి
వానకి సిద్ధంగా కూర్చునేవి.
రెండిట్లోనూ పెట్టేదాన్ని.
నా స్నేహితులు రెండిట్లోనూ ఉన్నారు.

చూసినవాళ్ళు నలభై ఒకరు.
ఆమేన్ అన్నది ముగ్గురు, ముగ్గురూ మా సంఘం వాళ్ళే.
తిన్నవాళ్ళకే మళ్ళీ వడ్డన.
పదో తరగతిలో నా బెంచీ మీద కూర్చున్న మీనొతి
"నీవి కనపడకుండా పెట్టుకున్నానే, కోపం లేదుగా" అంది.
లేదన్నాను. ఉంది, కాస్త.
మార్గశిర గురువారాలు తను లక్ష్మి పాదాల ముగ్గులు పెడితే
నేనూ బొటనవేలితో దాటేసినదాన్నే.

కానీ ఆ జాబితాలో అందరికన్నా ముందు
రోజూ ఒకటే పేరు, సౌదామిని.
ఒకటే టైము, రెండూ పదమూడు.
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు.
ఏమీ అనదు. దండం బొమ్మ కూడా పెట్టదు.
ఏడాదిన్నర.
ఇష్టమో, అలవాటో, నిద్ర ఆపుకోవడమో.
నాకు తెలీకుండానే తనకోసం ఎంచడం మొదలెట్టాను
చీకట్లో కళ్ళకి గుచ్చుకోని రంగులు.

శ్రావణంలో మలేరియా పట్టుకుంది.
మూడు రోజులు ఫోను మంచం కింద.
మూడో రాత్రి వెలిగింది:
"ఆజి బి ఛొబి నాహిఁ?"
ఇవాళా బొమ్మ లేదా.
టైము చూడనక్కర్లేకపోయింది.

ఏం పెట్టను. ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు,
ఆదివారం బడిలో కంఠతా పట్టి ప్రైజులు కొట్టినదాన్ని.
ఎదురుగా ఉన్నదే తీశాను:
సగం అయిన మాత్రల రేకు, స్టీలు గ్లాసు,
దోమతెర చిరుగుకి అమ్మ వేసిన ఎర్రదారం కుట్టు.
మీద ఏమీ రాయకుండా పంపేశాను.

నీలం టిక్కులు. చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత:
"పేరు కనపడేలా రేకు ఇంకోసారి తియ్యి.
పొద్దున డ్యూటీ దిగి వస్తా."

ఆరున్నరకి వచ్చింది, చెప్పులు గుమ్మం అవతల విడిచి,
సంచిలో మూరీలు, రెండు నిమ్మకాయలు.
నాడి పట్టుకుని, నా మొహం చూడకుండా చెప్పింది:
"ఆ మేక బొమ్మ పన్నెండో మంచం ముసలాయనకి చూపించా.
చదువు రాదు. ఇది మా రేవు అన్నాడు.
మర్నాడు రాత్రి మళ్ళీ అడిగాడు, రేవు చూపించమ్మా అని.
ఆ తర్వాత మంచం ఖాళీ."

అప్పుడు నేను కాపరి గురించి ఏదో చెప్పాల్సింది.
చెప్పలేదు. నిమ్మరసం పులుపుకి కళ్ళు మూసుకున్నాను.

"అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టు," అంది లేస్తూ.
"ఇంకోటి, ఒడియాలో కృప నువ్వు ఎప్పుడూ తప్పే రాస్తావు.
ఏడాదిన్నరగా చెబుదామనుకుంటున్నా."