కర్త లేని వాక్యం

మిల్లు గేటుకి నోటీసు అంటించిన రోజు
మా నాన్న దాన్ని నాలుగుసార్లు చదివాడు.
చదివి,
చొక్కాకి పట్టిన జనపనార పీచు
ఒక్కొక్కటే గిల్లి పారేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏటి రాసినారు నాన్నా?"
"మూసీసినారట."
"ఎవరు?"
"అది రాయనేదమ్మా."

అంతకు మూడేళ్ల ముందు
విజయనగరంలోనే బి.ఏ.లో చేరతానంటే
అప్పలకొండ మావయ్య ముక్కుతో నవ్వాడు.
"తెలుగూ చరిత్రా తర్కమూ, పైన సంగీతమా!
అన్నీ పావుకేజీ లెక్కన కట్టిచ్చే కొట్టులాగుంది.
దాంతో ఏటి తినీస్తావే?"
నాకూ తెలీదు.
ఇంజినీరింగుకి డబ్బుల్లేవు,
నిజానికి అందుకే వెళ్లాను.

మొదటి నెలలోనే దాలినాయుడు మాస్టారు
బోర్డు మీద ఒకే వాక్యం రాసి కుర్చీలో కూలబడ్డారు:
'కుండ పగలగొట్టబడింది.'
"కర్త ఏడీ? వెతకండి."
మేం బల్లల కింద వెతికి నవ్వాం.
ఆయన నవ్వలేదు.
"బడు అని ఒక్క ముక్క తగిలిస్తే చాలు,
పగలగొట్టినోడు తలుపు చాటుకి పోతాడు.
మీ అమ్మ ఎప్పుడైనా
అన్నం వండబడింది అందిట్రా?
మనిషి నోట రాని మాట కాగితం మీద కనిపిస్తే
కాస్త ఆగి చూడండి."
పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న.
నాకు ఒకటే వచ్చింది.

సువర్చల మేడమ్ పొగనీ నిప్పునీ చెప్పడానికి
మమ్మల్ని మాఘమాసం తెల్లారుజామున
కోట కందకం దగ్గరికి రమ్మన్నారు.
"అదిగో లేస్తోంది. పొగా? మంచా?
ముందు అది తేల్చండి, నిప్పు సంగతి తర్వాత."
చలికి పళ్లు టకటకలాడుతూ
ఏమీ తేల్చకుండానే టీకి పోయాం.

మృదంగం క్లాసులో చేతులు వాచాయి తప్ప
విద్య రాలేదు.
ఒక్కటి మాత్రం మిగిలింది:
వీచిన చెయ్యి శబ్దం చెయ్యదు,
అయినా తాళంలో దానికి లెక్కుంది.

అందుకేనేమో, మిల్లు ఆగిన మూడో రాత్రి
సైరన్ మోగాల్సిన వేళకి
నాన్న లేచి కూర్చోవడం నాకు వినబడింది.

పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్లాను, ఎర్ర పెన్ను పట్టుకుని.
'ముడిసరుకు కొరత వలన మిల్లు మూసివేయబడినది.
బకాయిలు తగు సమయమున చెల్లించబడును.'
బడు, బడు, బడు.
ఒక్క పేజీలో పదకొండు.
పదకొండు తలుపులు,
ప్రతిదాని చాటునా ఎవరిదో ఊపిరి.

కొరత అన్నది పొగా, మంచా?
తూకం గుమస్తా గౌరీసుని బతిమాలితే
నూనె మరకల పుస్తకం ఇచ్చాడు.
చరిత్ర అంటే రాజులే కాదని నేర్పిన చదువే
ఆ పుస్తకాన్ని చివరి పేజీ నుంచి తిరగేయించింది:
మూసిన ముందురోజు కూడా
రెండు లారీల నార దిగింది.

యూనియన్ గదిలో కిరసనాయిలు డబ్బా మీద కూర్చుని అర్జీ రాశాను.
బడు లేకుండా.
మేం నేశాం. మీరు అమ్మారు.
ఐదు నెలల జీతం మీరు మాకివ్వాలి.
ఏ తారీఖున ఇస్తారో మీరే రాయండి.

లేబరు ఆఫీసరు కళ్లజోడు పైకి నెట్టి
"ఎవరు రాశారిది?" అన్నాడు.
ముప్ఫై ఏళ్లుగా ఏ ఆఫీసులోనూ నోరెత్తని మా నాన్న
నాలుగో వరసలోంచి లేచి
"మా గుంట రాసింది," అన్నాడు.

కర్త, క్రియ.
అంత పొట్టి వాక్యంలో
అంత పెద్దగా నన్నెవరూ నిలబెట్టలేదు.

మిల్లు తెరవలేదు.
రెండు నెలల జీతమే వచ్చింది, మిగతా మూడూ వాయిదాల్లో ఉన్నాయి.
నాన్న రైతుబజారు దగ్గర సంచులు కుడుతున్నాడు.
ఏం తింటావంటే ఇప్పటికీ
నా దగ్గర సరైన జవాబు లేదు.

నిన్న రాత్రి వానలో
మావయ్య వచ్చాడు.
లుంగీ మడతలోంచి తడిసిన కాగితం తీసి
దీపం కిందకి జరిపాడు.
'మీ భూమి సేకరించబడును.'
"సూడమ్మా," అన్నాడు మెల్లగా,
"ఇందల మనిషి ఏడ దాక్కున్నాడో."