పదిట్ల ఎంత

ధర్మాబాద్ మార్కెట్ యార్డు వెనుక రేకుల షెడ్డుల
ముప్పై నలుగురం ఆడోళ్లం,
ముందర ఎర్రటి కుప్పలు,
ముక్కులకు పాత చీర పీలికలు.
తొడిమె తీస్తే కిలోకు ఇంత అని లెక్క.
దగ్గుకు లెక్క లేదు.

సోమవారం పొద్దుమీకి ప్రజ్ఞా తాయి వచ్చింది
సర్కారు దవాఖాన నుంచి, స్కూటీ మీద,
ప్లాస్టిక్ అతికిన మనిషి బొమ్మ చంకల వెట్టుకొని.
బొమ్మ ఒంటి నిండ చుక్కలు:
కనుబొమ్మ మొదట్ల, కంటి కింద,
ముక్కు కింద, గదుమ మీద,
మెడబొక్క కింద, నడినెత్తిన.
రెండు వేళ్లతోని తట్టాలె, ఏడేడు సార్లు,
మనసుల ఉన్నది పైకి అనుకుంట.

"కొట్టుకుంటే పోయే బాధైతే
మా ఆయన నన్నెప్పుడో బాగుచేసేటోడు"
అన్నది లసుంబాయి.
షెడ్డంత నవ్వింది.
తాయికి తెలుగు రాదు, తానూ నవ్వింది.
ఎవ్వరం మరాఠీల చెప్పలే.

"మొదలు, మీ బాధ పదిట్ల ఎంతనో చెప్పుండ్రి."
నాకు పదులు తెల్వయి,
తెల్సింది కాంటా.
"క్వింటాలు" అన్న.

ఎవరి మీద అని అడగలే.
సాయవ్వ మీద.
చచ్చిపోయినోళ్ల మీద కోపం వద్దంటరు.
ఉన్నది, ఏం జెయ్యాలె?
తొమ్మిదేండ్లు ఒక్క బస్తా మీద కూసున్నం.
దసరా ముంగట నా వెండి కడియాలు తీస్కపోయి
బాసరల కుదువ పెట్టింది. ఎందుకో చెప్పలే.
పదకొండు దినాలు నేను మాట్లాడలే.
పన్నెండో దినం నాందేడ్ పెద్ద దవాఖానల
ఆమె కడుపుల గడ్డ పగిలింది.
కడియాలు ఏడికి పోయినయో
మందుల చీటీలు చూసినంక తెల్సింది.
అడిగితే ఇయ్యకపోదునా?
అడగకుండనే పాయె.
గదే కోపం.

"ఇంత కోపం ఉన్నా నన్ను నేను స్వీకరిస్తున్న."
మరాఠీల ఆ మాట నోట్లె పెట్టుకుంటే
ఎవలదో పండ్లసెట్టు పెట్టుకున్నట్టున్నది.
తెలుగుల తిప్పిన:
"గింత కోపమున్నా నేను మనిషినే."
తాయికి సమజ్ కాలే, అయినా తల ఊపింది.

కనుబొమ్మ కాడ తట్టిన. బాగనే ఉన్నది.
కంటి కింద తట్టంగనే భగ్గుమన్నది.
ఉప్పుతోని రుద్దినా, మజ్జిగతోని కడిగినా
గోళ్ల సందుల కారం పోదు.
ముప్పై నలుగురం ఒక్కసారే ముక్కులు చీదినం.
తాయి గాబరపడి బొమ్మ ఆడనే పడేసి
నీళ్ల బిందెకు ఉరికింది.
ఆ గడబిడల ఎవల కండ్లనీళ్లు దేనియో
ఎవ్వలు అడగలే.
మంచిగైంది.

తెల్లారి నుంచి వేలు మడిచి కణుపుతోని తడుతున్న,
కాంటా కాడ గుమాస్తా తరుగు తీసినప్పుడు,
రాత్రి నిద్ర రానప్పుడు.
కొన్ని దినాలు పనిజేస్తది.
కొన్ని దినాలు వట్టి టక్ టక్.
లసుంబాయి చాటుకు తట్టుకుంటది,
చూస్తే దోమ అంటది.

మల్ల సోమవారం తాయి అడిగింది: ఇప్పుడెంత?
"పావు కిలో."
రాసుకున్నది, సంబురపడ్డది.

ఆ పావు కిలో ఏడున్నదో నేను చెప్పలే.
ఘాటెక్కి నాకు ఊపిరాడనప్పుడు
సాయవ్వ చరిచేది, రెండు రెక్కల నడుమ,
ఎడమ చేతితోని,
కుడి చెయ్యి తొడిమెలు తీసుడు ఆపకుంట,
నన్ను తిట్టుకుంట.

బొమ్మను తిప్పి చూసిన.
వెనుక చుక్కల్లేవు, తెల్లగున్నది.
నా చెయ్యి మెలివెట్టి చూసిన. అందదు.

పావు కిలో కారం
మా ఇంట్ల నెల ఖర్చు.
ఉండనీ.