రియాలంటే రెండున్నర కిలోలు

బ్రాడీపేట నాలుగో లైన్లో
మా కౌంటర్ అద్దం మీద రోజూ పొద్దున్నే
స్కెచ్ పెన్నుతో దేశాల రేట్లు రాస్తాను.
డాలరు, దిర్హం, దినారు, రింగిట్.
ఒక్కోదానికీ రెండు గళ్ళు:
మేం కొనేదొకటి, అమ్మేదొకటి.
నాకు పాస్‌పోర్టు లేదు.

మౌలాబీ కంటే ముందు
ఆమె డబ్బు ఘాటు లోపలికొచ్చింది.
పాలిథిన్ కవర్లోంచి వందలు, యాభైలు,
రబ్బరు బ్యాండ్లేసిన పదుల కట్టలు.
లెక్కపెట్టే మిషన్ గిర్రున తిరిగి
తేజ కారాన్ని గాల్లోకి ఎగజిమ్మింది.
నేను తుమ్మాను. మేనేజరు తుమ్మాడు.
హనీమూనుకి బాత్‌లు కొనుక్కుంటున్న పెళ్ళికొడుకు
జేబురుమాలు వెతుక్కున్నాడు.

"ఏమనుకోబాకండి,
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తా.
ఆరేళ్ళ డబ్బు.
ఉమ్రాకి పోతన్నా."

పదిహేను వందల రియాళ్ళు.
ఒక్కోటి ఇరవై మూడు రూపాయల పది పైసలు.
ఆమె పెదాలు కదిలాయి. కాలిక్యులేటర్ అడగలేదు.
"కిలోకి తొమ్మిది ఇస్తారు మాకు.
అంటే రియాలుకి రెండున్నర కిలోలు, ఇంకొంచెం మొగ్గు."

జీఎస్టీ అరవై రెండన్నాను.
"అదెవరికి?"
గవర్నమెంటుకి.
"మక్కా పోయేదానిక్కూడా?"
పెళ్ళికొడుకు నవ్వాడు. ఆమె నవ్వలేదు,
కొంగు ముడి విప్పి
అరవై రెండూ చిల్లరగా బల్ల మీద పేర్చింది.

తర్వాత అద్దం మీది రెండు గళ్ళనీ
చాలాసేపు చూసింది.
ఒకే కాగితానికి రెండు ధరలేందని అడుగుతుందని
నా జవాబు నేను సిద్ధం చేసుకుంటున్నా.
"యార్డులోనూ ఇంతేలే" అంది.
"రైతుకొకటి, సేటుకొకటి. నడిమి ముక్క మీది."

ఇరవై రెండు రోజులకి మళ్ళీ వచ్చింది.
ఈసారి అత్తరు వాసన. దాని కింద పల్చగా కారం.
"నీళ్ళు ఊరికే ఇస్తారమ్మా అక్కడ.
టీ మాత్రం రెండు రియాళ్ళు.
రెండంటే ఐదు కిలోల పైన.
గ్లాసు చేతికి తీసుకుంటే గోళ్ళ సందున మండేది.
వాపసు పెట్టేసేదాన్ని.
కొట్టువాడు బంగ్లా పిల్లోడు, తిట్టుకునేవాడు కాబోలు."

మరి తాగనే లేదా?

"ఆఖరి రోజు తాగా.
అల్లా మన్నించాలి,
ఐదు కిలోలూ రెండు గుక్కల్లో."

నోట్లు మూడు వాపసిచ్చింది, తీసుకున్నాను,
కొనే గడి రేటుకి.
అప్పుడు మూట విప్పింది.
పదకొండు నాణేలు,
అన్నీ కలిపి నాలుగు రియాళ్ళ ముక్కాలు.

చిల్లర తీసుకోం, అన్నాను.
"ఏం, చెల్లదా?"
అక్కడ చెల్లుద్ది. ఇక్కడ మేం కొనం.
"అంటే తాలు."
తెల్లబారిన కాయల్ని ఏరి పక్కకి నెట్టినట్టు
నాణేల్ని వేలితో నెట్టింది.
"యార్డులో తాలుకి కూడా రేటుంటదమ్మా."

మా రూల్సు పుస్తకంలో ఆ మాటకి జవాబు లేదు.
మేనేజరు లోపల ఫోన్లో ఉన్నాడు.
నా పర్సు తీశాను.
వంద చేతిలోకి వస్తే ఆమె వద్దంది,
"తాలుకి నిండు రేటిస్తే నిన్ను ముంచేస్తారు.
సగం ఇయ్యి."

యాభై ఇచ్చాను.
వెలుగుకెత్తి చూసుకుని, మడిచి,
గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.
"రసీదు?"
లేదు.
"జీఎస్టీ?"
లేదు.
అప్పుడు నవ్వింది,
పై వరసలో ఒక పన్ను లేదు.

నాణేలు స్టేప్లర్ పిన్నుల డబ్బాలో ఉన్నాయి.
ఏ దేశం పోతే చెల్లుతాయో
ఆ దేశం రేటు రోజూ నేనే రాస్తున్నాను.
ఇవాళ రియాలు నలభై పైసలు పెరిగింది.
చెరిపి రాస్తూ
నా పెదాలు వాటంతటవే కదులుతున్నాయి:
కిలోకి తొమ్మిది,
కిలోకి ఇంకా తొమ్మిదే.