ఫోను మెషిన్ పక్కన పెట్టు

రాత్రి పదకొండు.
బిష్కెక్ ఊరి చివర మా వీధిలో
బొగ్గు పొగ కిటికీలకి మఫ్లర్లు చుట్టింది.
తెల్లారేసరికి దోర్దోయ్ బజారుకి నలభై అంగీలు చేరాలి.
పదిహేడో అంగీ చంక దగ్గర
మెషిన్ దగ్గింది.

పైనుంచి చూస్తే కుట్టు చక్కగా వరసలో ఉంది.
తిప్పి చూస్తే అడుగున
కోడి కెలికినట్టు దారం కుప్ప.

బాబిన్ మార్చాను. బాబిన్‌ని తిట్టాను.
టెన్షన్ మర మూడు నుంచి ఐదుకి, ఐదు నుంచి ఏడుకి,
మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టానో మర్చిపోయాను.
ఆఖరికి బురుల్చా అక్కకి ఫోను.

ముప్పై ఒక్క ఏళ్లు కుట్టు ఫ్యాక్టరీలో
మెషిన్ల నాడి చూసిన మనిషి.
ఇప్పుడు ఆమె చేతిలో దారం
సూది బెజ్జంలోకి కాదు, గుమ్మంలోంచి కూడా దూరదు.
చూపు కూడా మసకే.
చెవులు మాత్రం ఇంకా రిటైరవలేదు.

"నువ్వేం చెప్పకు ఉల్జాన్.
ఫోను మెషిన్ పక్కన పెట్టి తొక్కు."

తొక్కాను. నాలుగు జానల గుడ్డ.

"పాదం దించి దారం ఎక్కించావు కదూ?
రేకుల మధ్య దారం కూర్చుంటే మెషిన్ కొంచెం మూలుగుతుంది.
నీది ఊరికే ఇకిలిస్తోంది.
పాదం ఎత్తు, రేకులు నోరు తెరుస్తాయి, మొదటినుంచీ ఎక్కించు.
గోల అడుగున కనబడితే తప్పు పైదారానిది.
మా ఫ్యాక్టరీలోనూ అంతే,
తిట్లు మాత్రం ఎప్పుడూ కిందవాళ్ళకే."

కుట్టు కుదిరింది. కానీ టక్, టక్.
"ఆ టక్కు ఏంటి? సూది ఎప్పుడు మార్చావు?"
"నవంబర్లో."
అటువైపు చాలాసేపు మాట లేదు.
"నవంబర్లో కాల్చిన రొట్టె ఈ రాత్రి తింటావా?"

కొత్త సూది. చదునైన వీపు వెనక్కి.
పూర్తిగా పైకి నెట్టి బిగించు అంది,
సగంలో ఆగే పనులంటే ఆమెకి మంట.

ఇక ఓవర్‌లాక్.
కింది లూపర్ దారం తెగితే
దాన్నొక్కదాన్నే ఎక్కించి ఊరుకున్నాను.
అప్పట్నుంచీ సూది దారం పుటుక్కు, పుటుక్కు.
"రెండు సూదుల దారాలూ లాగి పారెయ్.
ముందు పై లూపర్, తర్వాత కింది లూపర్, సూదులు ఆఖర్న.
విందులో పెద్దవాళ్ళు కూర్చోకముందే కుర్రాళ్ళు పైచోట ఎక్కితే
ఏమవుతుందో నీకు తెలీదూ?"
తెలుసు. మా మరిది పెళ్ళిలో సూపు గిన్నె ఎగిరింది.

"ప్లేటు విప్పి లోపల బ్రష్ కొట్టు."
పాత పళ్ళ బ్రష్షుతో తోడితే
గులాబీ, బూడిద, నీలం నూగు,
మూడు నెలల ఆర్డర్లు ఉండలు కట్టి.
ఆ నూగులో ఏదో మెరిసింది.
డిసెంబర్లో విరిగిన సూది మొన.
ఎల్దియార్ అప్పుడే పాకడం మొదలెట్టాడు.
తివాచీ అంతా అయస్కాంతంతో దువ్వాను,
వారం రోజులు వాడి అరచేతులు వెలుతుర్లో తిప్పి తిప్పి చూశాను.
ఇదిగో, ఇన్నాళ్లూ ఇక్కడే పడుకుని ఉంది.

నేల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.
అక్క ఏమీ అడగలేదు. వింటూనే ఉంది.

ఒంటిగంటకి రెండు మెషిన్లూ దారికొచ్చాయి.
"అక్కా, పడుకో. నీకు ఏమివ్వను?"
"ఫోను తియ్యకు. అలా ఉంచి కుట్టుకో."

కుట్టాను. ఇరవై, ఇరవై ఆరు, ముప్పై ఒకటి.
ఫోన్లోంచి ఆమె ఊపిరి, పొయ్యిలో బొగ్గు చిటపట,
తర్వాత సన్నటి గురక.
అటు ఎన్ని వందల మెషిన్లు తిరుగుతున్నాయో,
ఏ షిఫ్టులో ఉందో.

ముప్పై తొమ్మిదో అంగీ జేబు దగ్గర
ఫోను మీద చెయ్యి వేశాను, మెల్లగా ఆపేద్దామని.

"నూనె," అంది నిద్రలోంచి. "ఎడమ పక్క. రెండు చుక్కలు."